క్యాసెట్ రెండు వైపులా

2023లో వచ్చిన ‘బలగం’ సినిమా చివరి పాటకు ఊళ్లకు ఊళ్లే కన్నీళ్లు పెట్టుకున్నాయి. పంచాయతీ ఆఫీసుల ముందు తెరలు కట్టి, చాపలు పరుచుకుని కూర్చున్న జనం ఆ పాట దగ్గరికి వచ్చేసరికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పాడింది వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడిగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ. చావు జరిగిన ఇంటి ముందు నిలబడి, పోయినవాడి బతుకును అయినవాళ్లకు కథగా చెప్పే విద్య వాళ్లది. 2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూసినప్పుడు వార్తలన్నీ ఆయన్ను ఆ ఒక్క పాటతోనే గుర్తు చేశాయి. బతుకంతా పాడిన మనిషికి లోకంలో మిగిలిన జాగ ఆ కొద్ది నిమిషాలే. వరంగల్ తన పాటగాళ్లను యాది పెట్టుకునే తీరే ఇది. పాట కట్టి తానే పాడే మనిషిని ఒక్క పాటతో అంచనా కట్టడం, కవి పుస్తకంలోంచి ఒక పేజీ చించుకుని మిగతాది పారేయడంతో సమానం. అలాంటి మనిషి ఒక దఫాలో కట్టిన పాటలన్నిటినీ, తాను పేర్చిన వరుసలో, మొదటి నుంచి చివరిదాకా వినాలి. బయటి దేశాల్లో రాక్ సంగీతమూ, సొంతంగా రాసి పాడేవాళ్ల సంగీతమూ ఈ వినికిడిని ఆల్బమ్ అనే రూపంలో అరవై ఏళ్లుగా నిలబెట్టుకున్నాయి. వాటిలో కొన్నిటిని వరంగల్ పాఠకులకు సిఫారసు చేయడం ఈ వ్యాసం పని. అవి గొప్పవని వినమనడం లేదు, గొప్పవే అయినా. వాటిని విన్న చెవికి మన పాటగాళ్ల విషయంలో మనం చేస్తున్న నష్టం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, అందుకు.

ముందు ఆ నష్టం లెక్క చూడాలి. ‘బండెనక బండి కట్టి’ పాట ఎవరిదని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది గద్దర్ పేరే చెబుతారు. ఆయన దాన్ని 1979 నాటి ‘మా భూమి’ సినిమాలో పాడారు. కట్టింది సాయుధ పోరాట కాలపు కవి బండి యాదగిరి. ఆ మనిషి ఇంకేం పాటలు కట్టారో చెప్పగలిగినవాళ్లు ఆయన తిరిగిన జిల్లాల్లోనే అరుదు. గోరటి వెంకన్న అనగానే 2002లో ‘కుబుసం’ సినిమాకెక్కిన పల్లె కన్నీటి పాటే గుర్తొస్తుంది. ఆయనకు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ‘వల్లంకి తాళం’లోని వాగులూ పిట్టలూ చెట్లూ అంత దూరం పోలేదు. ఉమ్మడి వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టి, గొర్లు కాసి, తాపీ పని చేసి, బడి మొహం చూడకుండానే పాట కట్టిన అందెశ్రీకి రెండు పాటలు మిగిలాయి. ఒకటి సినిమాకు ఎక్కింది, రెండోది 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైంది. ఆయన కట్టిన మిగతా పాటంతా ఎక్కడుంది? ఉమ్మడి జిల్లా నుంచే వచ్చిన మిట్టపల్లి సురేందర్ సంగతీ ఇంతే, ఒక సినిమా పాట ముందు మిగతావి వెనకబడ్డాయి. మన దగ్గర పాట ఊరు దాటాలంటే సినిమా అనే ఒక్క దర్వాజాలోంచే పోవాలి. ఆ దర్వాజా ఒకేసారి ఒక పాటనే పోనిస్తుంది, ఆ పాటను కూడా కథకు సరిపోయే కొలతకు కత్తిరించి. జీవితంలో ఎక్కువ భాగం సినిమా బయటే నిలబడి పాడిన గద్దర్ పేరును తెలంగాణ ప్రభుత్వం ఇచ్చింది సినిమా అవార్డులకే. గౌరవంతోనే ఇచ్చారు, కాదనను. పాటకు వేరే ఇల్లు లేదని మనమంతా ఎంతగా ఒప్పేసుకున్నామో కూడా ఆ ఎంపికలో ఉంది.

ఆల్బమ్ అనే మాటకు మూలం కంపెనీల గోదాములోనే ఉంది, దాచనక్కర్లేదు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత లక్క రికార్డు ఒక వైపు మూడు, నాలుగు నిమిషాలే పాడేది. అలాంటి నాలుగైదు రికార్డులను ఫొటోల పుస్తకం లాంటి అట్టల మధ్య పెట్టి అమ్మేవారు, అందుకే దానికి ఆల్బమ్ అన్న పేరు. 1948లో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డు తెచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. ఇదంతా వ్యాపారమే కదా, దీన్ని కళారూపం అనడమెందుకని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే తాటాకు వెడల్పే మన పద్యపు ప్రతుల ఆకారాన్ని నిర్ణయించింది, దానివల్ల పద్యం చిన్నబోలేదు. కొలత ఎవరు పెట్టారన్నది ఒక సంగతి, ఆ కొలతలో మనిషి ఏం పట్టించాడన్నది వేరే సంగతి. 1940లో వుడీ గుత్రీ ‘డస్ట్ బౌల్ బాలడ్స్’ రికార్డు చేసినప్పటికి లాంగ్ ప్లే ఇంకా పుట్టలేదు. దుమ్ము తుపానులకు భూములు పోగొట్టుకుని కాలిఫోర్నియాకు వలసపోయిన రైతుల గోసను ఆయన పాటల వరుసగా కట్టారు. అందులో ఒక పాట రికార్డు ఒక వైపు పట్టక రెండు ముక్కలుగా వచ్చింది. పాట కట్టేవాడికి చెప్పాల్సింది ఎక్కువైనప్పుడు రూపం తనంతట తానే సాగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పాలమూరు వలస గురించి కట్టిన పాటలు విన్నవాళ్లకు గుత్రీ గొంతు పరాయిదనిపించదు. ఈ జాబితాలో మొదటి సిఫారసు అదే.

నిడివిగా వినే ఓపిక వరంగల్‌కు లేదనే మాట చెల్లదు. ఈ గడ్డ చెవికి అలవాటైనదే నిడివి. పాలకుర్తి సోమనాథుడు ‘బసవపురాణం’ను ద్విపదలో కట్టాలనుకున్నది జనం నోట పాడదగిన జాను తెలుగులో ఉండాలనే. రెండేసి పాదాలు గొలుసులా సాగే ఆ ఛందస్సుకు ఎక్కడ ఆగాలన్న పట్టింపు లేదు. జనగామ దగ్గరి మాణిక్యాపురం ఒగ్గు కళాకారుడు చుక్క సత్తయ్య డోలు దరువుల మధ్య మల్లన్న కథ మొదలుపెడితే పొద్దు పొడిచేదాకా నడిచేది. అందులో పాట ఉంది, మాట ఉంది, నవ్వించే జాగలున్నాయి, ఊపిరి బిగబట్టించే జాగలున్నాయి. వాటి వరుస మారిస్తే కథ చెడిపోతుంది. ఆల్బమ్ చేసే పని సరిగ్గా ఇదే. ఒక పాట తర్వాత మరో పాట ఎందుకు వచ్చింది, మధ్యలో మౌనం ఎంతసేపుంది, ఏ పాట దగ్గర పక్క మార్చాల్సి వస్తుంది అన్నవి ఒగ్గు కథకుడు రాత్రి పొడుగునా వేసే ఎత్తులే. ఒగ్గు కథకు కూర్చున్న తాతల మనవలు ముప్పై సెకన్ల రీలు దగ్గర ఆగిపోయారంటే తప్పు చెవిది కాదు, చేతికి అందిస్తున్న సరుకుది.

మధ్యలో మనకూ ఒక రూపం వచ్చి పోయింది. అది క్యాసెట్. ఎనభైలలో చవకైన టేప్‌రికార్డర్లు పల్లెకు చేరాక, పాటను గ్రామఫోను కంపెనీల చేతుల్లోంచి అది బయటికి లాగింది. 1972లో మొదలైన జననాట్యమండలి పాటలూ, అరుణోదయ పాటలూ అచ్చయిన పుస్తకాలతో పాటు క్యాసెట్ల మీద ఎక్కి తిరిగాయి. అచ్చు చదవలేనివాళ్లకు క్యాసెటే పుస్తకం. 1990 మేలో వరంగల్‌లో రైతుకూలీ సంఘం సభకు లక్షల జనం వచ్చినప్పుడు వేదిక మీది పాటను అంతకుముందే నోటికి నేర్పినవాటిలో ఆ క్యాసెట్లూ ఉన్నాయి. క్యాసెట్‌కు రెండు వైపులుండేవి. ముందుకు తిప్పడం తలనొప్పి కాబట్టి వరుసగా వినేవారు, నచ్చని పాట కూడా చెవిన పడేది, పదిసార్లు పడ్డాక నచ్చేది. ఆ క్యాసెట్లు సీడీలుగా, సీడీలు ఫోనులోకి మారిన ప్రతి మలుపులోనూ ఒక మూట విప్పి పాటలను విడివిడిగా చల్లేశాం. ఈనాడు యూట్యూబ్‌లో కవి గూడ అంజయ్య పాట దొరుకుతుంది. కానీ దాని పక్కన ఆయనే కట్టిన మరో పాట రావడానికి బదులు ఇంకెవరిదో పెళ్లి డీజే పాట వస్తుంది. ఏ రెండు పాటలు పక్కపక్కన ఉండాలో ఇప్పుడు నిర్ణయించేది కట్టినవాడు కాడు.

ఆ పక్కపక్కన ఉండటం ఎంత ముఖ్యమో తెలియాలంటే బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘నెబ్రాస్కా’ వినాలి. ఈ జాబితాలో నేను అన్నిటికంటే పైన పెట్టేది దాన్నే. 1982 జనవరిలో న్యూజెర్సీలోని ఒక అద్దె ఇంటి పడకగదిలో, నాలుగే ట్రాకులున్న క్యాసెట్ రికార్డర్ మీద, గిటారుతో, మౌత్ ఆర్గన్‌తో ఆయన ఒంటరిగా ఈ పాటలు పాడి పెట్టుకున్నారు. తర్వాత బ్యాండ్‌తో కలిసి స్టూడియోలో మళ్లీ చేయడానికి ఉద్దేశించిన నమూనాలు అవి. స్టూడియోలో ఎంత ప్రయత్నించినా పడకగదిలోని ప్రాణం రాలేదు. చివరికి డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకుని తిరిగిన ఆ క్యాసెట్‌నే రికార్డుగా విడుదల చేశారు. గరగర అలాగే ఉంది, కుర్చీ కిర్రుమన్న చప్పుడు అక్కడక్కడా ఉంది. అందులో ఒక పాట కార్ల కర్మాగారం మూతపడి, పని పోయి, తాగి మనిషిని చంపిన ఒక కార్మికుడిది. న్యూజెర్సీ మావా ఊళ్లో ఫోర్డ్ కర్మాగారం 1980లో మూతపడింది, పాట దాన్ని పేరుతో సహా చెబుతుంది. ఆజంజాహి మిల్లు గోడల పక్క నుంచి నడిచినవాళ్లకు ఈ పాటకు వివరణ అక్కర్లేదు. 1934లో నిజాం కాలంలో మొదలై వరంగల్‌కు తిండి పెట్టిన ఆ మిల్లు 2002లో పూర్తిగా ఆగిపోయింది. మిల్లు మూతను గురించి వార్తలు, నివేదికలు వచ్చాయి. మూతపడ్డాక ఒక మనిషి రాత్రిపూట ఏమవుతాడో అన్నది పాటే చెప్పగలదు. ‘నెబ్రాస్కా’ దాన్ని పది పాటల్లో, నలభై నిమిషాల్లో, ఎక్కడా నినాదం ఇవ్వకుండా చెప్పింది.

ఇదే ఆల్బమ్ వెనక నా వాదనకు అసలైన రుజువు ఉంది. అదే గదిలో, అదే రికార్డర్ మీద స్ప్రింగ్‌స్టీన్ ‘బార్న్ ఇన్ ద యూఎస్ఏ’ కూడా పాడారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి పని దొరకని సైనికుడి పాట అది. ‘నెబ్రాస్కా’లో దానికి చోటివ్వలేదు. 1984లో పెద్ద బ్యాండుతో, పిడికిలి బిగించే దరువుతో వేరే ఆల్బమ్‌లో వచ్చింది. పాటలోని కథను వదిలేసి పల్లవిని మాత్రమే పట్టుకున్న జనం దాన్ని దేశభక్తి గీతంగా ఊగుతూ పాడారు. ఆ ఏటి ఎన్నికల ప్రచారంలో అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీ సభలో స్ప్రింగ్‌స్టీన్ పేరు చెప్పి పొగిడారు కూడా. పని పోయిన కార్మికుల పాటల పక్కన ఆ పాట పడకగది గొంతుతో ఉండి ఉంటే ఎవరికీ ఆ పొరపాటు సాధ్యమయ్యేది కాదు. పాటకు అర్థం సగం దాని పొరుగు పాటల్లో ఉంటుంది. దొర గడీ మీదికి నడిచిన పాటను ఏ పార్టీ వేదిక మీదైనా ఊపు కోసం వాడుకోగలుగుతున్నారంటే కారణం ఇదే. దాన్ని దాని ఇరుగుపొరుగు నుంచి విడదీశాం, ఇక అది ఎవరేం చెప్పమంటే అది చెబుతుంది.

ఇక్కడ తెలంగాణ పాట తెలిసినవాళ్ల నుంచి బలమైన అభ్యంతరం వస్తుంది. మన పాట ‘మనం’ అంటుంది, వాళ్ల పాట ‘నేను’ అంటుంది. మన పాట జనంలో పుట్టి జనంలోకి పోతుంది, దానికి సంతకం పెట్టి మూట కట్టడం అంటే సొంత ఆస్తి చేయడమే అని. ఈ మాటను తేలిగ్గా కొట్టేయలేం. నాట్ల పాటకు, బతుకమ్మ పాటకు, కోలాటం పాటకు కర్త పేరు వెతకడం అనవసరం. బాణీలు మన కవులందరికీ ఉమ్మడి చెరువు. అయితే ఆ సంగతిలో బయటి పాటగాళ్లూ భిన్నంగా లేరు. బాబ్ డిలన్‌కు పేరు తెచ్చిన, గాలిలో జవాబును వెతికే పాట బాణీ నల్లజాతి బానిసల కాలపు పాత పాట నుంచి వచ్చిందని ఆయనే చెప్పారు. గుత్రీ తన ప్రసిద్ధమైన నేల పాటకు కార్టర్ ఫ్యామిలీ పాడిన పాత బాణీనే వాడుకున్నారు. బాణీ అందరిదీ అయితే, ఆ బాణీలో ఏం చెప్పాలి, దాని తర్వాత ఏం చెప్పాలి అన్న ఎన్నిక మాత్రం ఒక మనిషిది. ఆ ఎన్నికకు పేరు లేకపోవడం వల్ల జనానికి లాభం కలగలేదు. బండి యాదగిరి మరుగున పడ్డారు, అంతే. జనం పాట కావడమూ, కట్టినవాడి పేరు తెలియడమూ ఒకదానికొకటి అడ్డం కావు.

ఆ అభ్యంతరంలో ఇంకా లోతైన పొర ఒకటుంది. ఉద్యమ వేదికకు ఒక అవసరం ఉంటుంది. పదివేల మంది ముందు ఏ పాట లేస్తుందో ఆ పాటే పాడాలి. 2002లో మొదలైన ధూంధాం రోజుల నుంచి రాష్ట్రం వచ్చిన 2014 దాకా పాటగాళ్లు వేదిక కోరిన పాటలు పాడారు, చరిత్రకు అవి కావలసినవే. అదే మనుషుల సంచుల్లో వేదిక కోరని పాటలూ ఉన్నాయి. తల్లి మీద, ఎండిన వాగు మీద, ఒంటరితనం మీద, చచ్చిపోయిన దోస్తు మీద కట్టినవి. మహబూబాబాద్ ప్రాంతం నుంచి వచ్చి 2023లో కాళోజీ పురస్కారం అందుకున్న జయరాజ్ చెట్టూ చేమా గురించి కట్టిన పాటలు అలాంటివే. వాటిని గుంపు వినలేదు. ఒక మనిషి ఒక గదిలో కూర్చుని వినాలి. సభ ముగిసి జనం ఇళ్లకు పోయాక ఆ పాటలకు మిగిలే జాగ ఆల్బమ్ ఒక్కటే. ‘నేను’ అనే పాట స్వార్థం అనుకోవడం తొందరపాటు. కెనడాలో పుట్టిన జోనీ మిచెల్ 1971లో తెచ్చిన ‘బ్లూ’ను వింటే ఆ సందేహం తీరుతుంది. పది పాటలు, ముప్పై ఆరు నిమిషాలు. పోలియో వల్ల ఎడమ చేయి బలహీనపడి మామూలు పట్టులు కష్టమైతే, గిటారు తీగలనే తనకు అనువైన శ్రుతుల్లో బిగించుకుని కొత్త స్వరాలు రాబట్టిన మనిషి ఆమె. ఆ ఆల్బమ్‌లో పచ్చదనం పేరు పెట్టిన ఒక పసిబిడ్డ పాట ఉంది. పెళ్లి కాకుండా కన్న బిడ్డను 1965లో దత్తతకు ఇచ్చేసిన తల్లి ఆమేనని లోకానికి తెలిసింది తొంభైలలో. రెండు దశాబ్దాలకు పైగా జనం ఆ పాటను విన్నారు, ఎవరి బిడ్డో తెలియకుండానే. ఇంతకంటే ఉమ్మడి దుఃఖం ఏముంటుంది? మన ఆడవాళ్లు రోకటి దగ్గర, తిరగలి దగ్గర పాడుకున్నది కూడా ‘నేను’ పాటే.

‘మనం’ అనే ఆల్బమే కావాలన్నవాళ్లకు చిలీ పాటగాడు విక్టర్ హారా 1972లో చేసిన ‘లా పోబ్లాసియోన్’ ఉంది. నగరం అంచున ఖాళీ జాగలో రాత్రికి రాత్రి గుడిసెలు వేసుకుని, పోలీసులను ఎదుర్కొని నిలబడ్డ శాంటియాగో పేదల కథ అది. హారా ఆ బస్తీలకు పోయి మనుషులతో మాట్లాడి, వాళ్ల మాటలను టేపు మీద పట్టుకుని, పాటల మధ్యలో వాళ్ల గొంతులనే పెట్టారు. ఒక పాట ఆ జాగ స్వాధీనంలో ప్రాణం పోయిన పసిపాప పేరు మీద వెలిసిన బస్తీ గురించి. గుడిసెల పోరాటాలు, ఇంటి జాగ కోసం చెరువు అంచున రాత్రి కావలి కాసిన రోజులు వరంగల్‌కు తెలియనివి కావు. ఆల్బమ్ వచ్చిన మరుసటి ఏడు, 1973 సెప్టెంబరులో సైనిక కుట్ర జరిగింది. హారాను స్టేడియంలో నిర్బంధించి, హింసించి చంపారు. ఆ స్టేడియానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఆయన్ను అమరుడిగా యాది చేసుకునే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, ఈ ఆల్బమ్‌ను పూర్తిగా విన్నవాళ్లు తక్కువ. మన పాటగత్తె బెల్లి లలితను కూడా మనం చావుతోనే ఎక్కువ గుర్తు పెట్టుకున్నాం. పాటగాడికి చేయగల అసలైన నివాళి అతని పాటలన్నీ వినడమే.

రాక్ అంటే మోత, మాట వినపడదు అనే ఫిర్యాదు మీద ఎక్కువ సేపు నిలబడనక్కర్లేదు. డప్పు మోతలో మాట వినడం పుట్టుకతో నేర్చిన ఊరు మనది. దరువు మాటను మింగదు, మోస్తుంది. డిలన్ 1965లో తెచ్చిన ‘బ్రింగింగ్ ఇట్ ఆల్ బ్యాక్ హోమ్’ ఈ రెండు ప్రపంచాలనూ ఒకే రికార్డు మీద పెట్టింది. ఒక వైపు కరెంటు గిటార్ల బ్యాండు, రెండో వైపు దాదాపు ఒంటి గిటారు. జానపద ప్రియులు దాన్ని ద్రోహమన్నారు, 1966లో మాంచెస్టర్‌లో ఒకడు లేచి యూదా అని అరిచాడు. గద్దర్ గోచీ గొంగడి విడిచి ప్యాంటు చొక్కాలో కనిపించినప్పుడు ఇక్కడ లేచిన గొంతుల్లోనూ అదే పట్టింపు ఉంది. పాటగాడు మారడానికి వీల్లేదని కోరుకునేది ప్రేమే, కానీ ఆ ప్రేమ అతన్ని ఒక ఫొటోలో బంధిస్తుంది. ప్యాటీ స్మిత్ 1975 ఆల్బమ్ ‘హార్సెస్’ కూడా ఈ వరుసలోదే. తన కవితతో మొదలుపెట్టి, ఉన్నట్టుండి వేరేవాళ్ల పాత పాటలోకి దూకి, దాన్ని తనది చేసుకుంటుంది. హరికథలో పిట్టకథ వచ్చే పద్ధతికి అలవాటైన చెవికి ఆ దూకు అర్థమవుతుంది.

ట్రేసీ చాప్‌మన్ 1988 మొదటి ఆల్బమ్‌ను ఒక్క పాటతోనే ఎరిగినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మండేలా డెబ్బయ్యో పుట్టినరోజు సభలో, స్టీవీ వండర్ వాయిద్యాల ఇబ్బందితో ఆగిపోయినప్పుడు, ఒంటి గిటారుతో ఆమె వచ్చి పాడిన కారు పాట అది. ఆల్బమ్‌లో అది రెండోది. మరో పాట దాటాక నాలుగోది వస్తుంది, ఒక్క వాయిద్యం లేకుండా. పక్కింటి గోడ వెనక భార్యను కొడుతున్న చప్పుడు వింటున్న మనిషి గొంతు అది. దాని వెంటనే క్షమాపణ చెప్పలేని ప్రేమికుడి మెత్తటి పాట ఉంటుంది. ఐదో పాటను విడిగా వింటే ప్రేమ పాట. నాలుగో పాట తర్వాత వింటే వెన్ను జలదరిస్తుంది. వరుస అంటే ఇది.

భాష రాదు కదా అన్న మాటకు నిజాయితీగా జవాబు చెప్పాలి. మాట తెలియకపోతే ఈ పాటల్లో సగం పోతుంది, గొంతు సరిపోతుందనడం అబద్ధం. వినేముందు పాటల మాటలు చదువుకోవాలి, డిగ్రీ ఇంగ్లిష్‌తో చాలావరకు అందుతాయి. హారాకు అనువాదాలున్నాయి. అంత దూరం వద్దనుకుంటే దేశంలోనే మొదలుపెట్టొచ్చు. 1975లో కలకత్తాలో పుట్టిన మొహీనేర్ ఘోరాగులి బృందం బౌల్ పాటనూ రాక్ గిటారునూ కలిపి 1977లో తన మొదటి రికార్డు తెచ్చింది. కొనేవాళ్లు కరువయ్యారు, రెండు దశాబ్దాల తర్వాత బెంగాల్ యువతరం దాన్ని నెత్తిన పెట్టుకుంది. 1992లో సుమన్ చటోపాధ్యాయ్, నేటి కబీర్ సుమన్, ‘తొమాకే చాయ్’ క్యాసెట్‌తో బెంగాలీ పాటను సినిమా నీడలోంచి బయటికి తెచ్చారు. రాసింది, బాణీ కట్టింది, పాడింది, వాయించింది ఒక్కరే. రవీంద్ర సంగీతం వేళ్లూనిన నేలలో, సినిమా పాట రాజ్యమేలుతున్న కాలంలో అది సాధ్యమైతే మన దగ్గర అసాధ్యమనడానికి కారణం కనపడదు. 2000లో వచ్చిన ఇండియన్ ఓషన్ ‘కందీసా’లో నర్మదా లోయ జానపదం ఉంది, కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన ఉంది. ఆ బృందానికే ఆ ప్రార్థన భాష పరాయిది.

ఈ రోజుల్లో నలభై నిమిషాలు ఎవరికున్నాయన్నది చివరి అభ్యంతరం. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో దాదాపు రెండు గంటలు. నిక్ డ్రేక్ 1972 ఆల్బమ్ ‘పింక్ మూన్’ మొత్తం ఇరవై ఎనిమిది నిమిషాలే. రెండు రాత్రుల్లో, ఒక గొంతు, ఒక గిటారు, ఒకే ఒక్క పాటలో నాలుగు పియానో చుక్కలతో చేసినది. అతను బతికుండగా ఎక్కువమంది పట్టించుకోలేదు, ఇరవై ఆరేళ్లకే పోయాడు. దాన్ని, ‘బ్లూ’ను, ‘నెబ్రాస్కా’ను వరుసగా వింటే గంటా నలభై ఐదు నిమిషాలు. ఘట్‌కేసర్ దాటేసరికి మూడూ అయిపోతాయి. ఫోనులో ఆ దారి పొడుగునా ఎలాగూ ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. లేనిది సమయం కాదు, ఒక మనిషికి అరగంట అప్పగించే అలవాటు.

తెలుగులో కొత్తగా పాట కట్టి పాడుతున్న పిల్లలున్నారు. హైదరాబాద్ చౌరస్తా బ్యాండు ‘మాయ’ లాంటి పాటలతో రెగే దరువు మీద పల్లె యాసను కూర్చోబెట్టి తొవ్వ చూపింది. ఆ గొంతుల్లో ముందున్న రామ్ మిర్యాల ఇప్పుడు సినిమా పాటగాడిగా ఎక్కువమందికి తెలుసు. అతన్ని తప్పు పట్టే పని లేదు, పాట కట్టి బతకడానికి ఇక్కడ వేరే దారి చూపినవాళ్లు లేరు. వరంగల్ ఎన్‌ఐటీలో ఏటా జరిగే స్ప్రింగ్ స్ప్రీ ఉత్సవంలో గిటార్లు మోగుతాయి. అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోని కాకతీయ విశ్వవిద్యాలయం అందెశ్రీకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఈ రెండు ప్రాంగణాల మధ్య ఒక మైకు, ఒక నిశ్శబ్దమైన గది, ఓపికగల నలుగురు పిల్లలు ఉంటే చాలు. స్ప్రింగ్‌స్టీన్ రికార్డర్‌కు నాలుగే ట్రాకులు, వాళ్ల జేబుల్లోని ఫోనుకు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. పాటగాడిని కూర్చోబెట్టి, వేదిక మీది పాటలు పక్కనపెట్టి, తనకిష్టమైన పది పాటలు తనకిష్టమైన వరుసలో పాడమనాలి. వెనక కోరస్ వద్దు, కీబోర్డు వద్దు. కట్టింది ఎవరో, బాణీ ఎక్కడిదో, ఏ ఊళ్లో ఎప్పుడు కట్టారో అట్ట మీద రాయాలి. ఏ పాటతో మొదలుపెట్టాలో, ఏ పాట దగ్గర వైపు మార్చాలో గోరటి వెంకన్నను అడగొచ్చు, జయరాజ్‌ను అడగొచ్చు, మిట్టపల్లి సురేందర్‌ను అడగొచ్చు. 2025 నవంబరు 10 తర్వాత అందెశ్రీని అడగలేం.